‘గొడుగు మర్చిపోవడం ఒక సుగుణం’ అని ఐదు నిమిషాల్లో ఒప్పించాలి. ఏ అలంకారాలు వాడాలి?

తడిసినకాకి:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో వచ్చే శుక్రవారం సరదా ఉపన్యాసాల పోటీ పెట్టారు. చీటీల్లో నాకు తగిలిన అంశం పైన రాసిందే. జనం నవ్వాలి, నవ్వుతూనే ‘ఇదేదో నిజంలాగే ఉందే’ అనుకోవాలి. ప్రైజు సంగతి తర్వాత, అసలు స్టేజీ అంటేనే నాకు టెన్షన్.

స్కూల్లో చదివిన అలంకారాలు ఇంకా గుర్తున్నాయి కదా అని అన్నీ వాడేశాను. ‘నల్లమబ్బు వంటి గొడుగు’ అని ఉపమ, ‘గొడుగనే గోపురం’ అని రూపకం, ‘గొడుగు గొడవ గొంతుదాకా’ అని వృత్త్యనుప్రాసం. లెక్కపెడితే మొదటి పేజీలోనే తొమ్మిది తేలాయి. మా తమ్ముడికి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, ‘అక్కా, ఇది పోటీకా, సంతాపసభకా?’ అన్నాడు.

ఎక్కడ తేడా కొట్టింది? సరదా ప్రసంగానికి ఏ అలంకారాలు పనికొస్తాయి? గ్రీకులూ రోమన్లూ మాటకారితనాన్ని ఒక శాస్త్రంలా నేర్పేవాళ్ళంటారు. వాళ్ళవి మన అలంకారాల్లాంటివేనా, పూర్తిగా వేరా?

వెనకబెంచీ:

ఎక్కువ ఆలోచించకండి. ఒకే మాటతో మూడు వాక్యాలు మొదలుపెట్టండి, మూడోది కాస్త పొడుగ్గా ఉంచి పక్కకి తిప్పండి. ‘గొడుగు మర్చిపోయినవాడు వానని కళ్ళారా చూస్తాడు. గొడుగు మర్చిపోయినవాడు చూరు కింద నిలబడి పక్కవాడితో మాట కలుపుతాడు. గొడుగు మర్చిపోయినవాడు ఆఫీసుకి గంట ఆలస్యంగా వచ్చినా, అయ్యో పాపం అనిపించుకుంటాడు.’ కాలేజీలో నేను ఈ ఒక్క కిటుకుతోనే నాలుగేళ్ళు లాక్కొచ్చాను. మెడలో తొమ్మిది నగలు వేస్తే మెడ కనపడదండీ.

రిటైర్డ్_పంతులు:

అమ్మా, మీ తమ్ముడికి మంచి చెవి ఉంది. మీరు వాడినవన్నీ వర్ణించే అలంకారాలు. గొడుగు ఎలా ఉందో చెబుతాయి, అంతవరకే. దాన్ని మర్చిపోవడం ఎందుకు మంచిదో చెప్పాలంటే వాదించే అలంకారాలు కావాలి. పరీక్షల కోసం అన్నిటినీ ఒకే వరసలో బట్టీ పట్టిస్తాం కాబట్టి పిల్లలకి ఈ తేడా తెలియదు. అలా ముప్పై ఏళ్ళు బట్టీ పట్టించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మీ అంశానికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయేది లేశాలంకారం. స్కూలు పుస్తకాల్లో కనబడదు, అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే సంస్కృత అలంకారగ్రంథంలో చెప్పాడు. దోషాన్ని గుణంగా, లేదా గుణాన్ని దోషంగా చూపించడం దాని పని. అక్కడున్న ఉదాహరణల్లో ఒకటి చిలకది. మిగతా పక్షులన్నీ హాయిగా తిరుగుతుంటే, ఓ చిలకా, నువ్వు పంజరంలో పడ్డావంటే అది నీ తీయని పలుకుల ఫలమే! తీయగా పలకడమనే గుణం కాస్తా నేరమైపోయింది చూడండి. మీరు దీన్ని తిరగేస్తే చాలు. మతిమరుపు దోషం, దాన్ని గుణం చెయ్యాలి. అందుకు దగ్గరి దారి పేరు మార్చడం. మర్చిపోయిన గొడుగు ఎక్కడికి పోతుంది? ఇంకెవరి చేతికో. వాడు తడవకుండా ఇంటికి చేరతాడు. అంటే మీరు చేసింది దానం. ఇక ప్రసంగం అయ్యేదాకా ‘మతిమరుపు’ అన్న మాట మీ నోటి వెంట రాకూడదు.

దాని మీద సారాలంకారం ఎక్కించండి, అంటే మెట్టు మీద మెట్టు. ‘అడిగితే ఇచ్చేవాడు దాత. అడక్కముందే ఇచ్చేవాడు మహాదాత. ఇచ్చినట్టు తనకే తెలియనివాణ్ణి ఏమనాలి?’ అని ఆగండి. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టుకుని, ‘మా ఇంట్లో మాత్రం వేరే పేరుతో పిలుస్తున్నారు’ అనండి.

అర్థాంతరన్యాసం గుర్తుండే ఉంటుంది. ‘హనుమంతుడు సముద్రాన్ని దాటాడు, మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా!’ ఒక విశేషాన్ని లోకమంతా ఒప్పుకున్న సామాన్య సూత్రంతో బలపరచడం. గంభీరమైన పద్యంలో రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. సరదా ప్రసంగంలో ఒకటి నేల మీద, ఇంకొకటి ఆకాశంలో ఉండాలి. ‘నిన్న నా గొడుగు బస్సులో ఉండిపోయింది. ఈ లోకంలో ఏది మన వెంట వస్తుంది కనక!’ రెండో వాక్యాన్ని కాదనే మొనగాడు ఎవడున్నాడు? అది ఒప్పుకున్నాక మొదటిదీ ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది.

గ్రీకుల దగ్గర ఈ ఆట బాగా ముదిరింది. ట్రాయ్ యుద్ధం హెలెన్ వల్లే వచ్చిందని అందరూ తిడుతుంటే, గోర్గియాస్ అనే ఉపన్యాసకుడు ఆమె తప్పేమీ లేదని ఒక ప్రసంగం రాశాడు. ఆమె భర్తని వదిలి ట్రాయ్‌కి వెళ్ళిందంటే, దేవతల సంకల్పం వల్ల వెళ్ళి ఉండాలి, లేదా బలవంతాన ఎత్తుకుపోయి ఉండాలి, లేదా మాటలతో లొంగదీసి ఉండాలి, కాదంటే ప్రేమలో పడి ఉండాలి. నాలుగే దారులు, నాలుగింటిలోనూ ఆమె నిర్దోషి అని తేల్చాడు. తీరా చివరి మాటల్లో, ఇది నాకొక ఆటవస్తువు అని తనే ఒప్పేసుకున్నాడు. తర్వాత్తర్వాత తుమ్మెదల్నీ ఉప్పునీ పొగిడేవాళ్ళు బయల్దేరితే ఐసోక్రటీస్ అనే ఇంకో ఉపన్యాసకుడు విసుక్కున్నాడు. అయినా ఎవరూ ఆగలేదు. డియో అనే వక్త జుట్టుని పొగిడితే, దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత సినేసియస్ అనే రచయిత బట్టతలని పొగుడుతూ జవాబిచ్చాడు.

నాకు అందరికంటే ఇష్టుడు గ్రీకులో రాసిన లూషియన్. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఈగని పొగిడాడు. ఈగ మహా ధైర్యశాలి అని ఊరికే అనేసి ఊరుకోలేదు, హోమర్‌ని సాక్షికి పిలిచాడు. మహావీరుడి ధైర్యాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మహాకవి సింహంతో పోల్చాడా? లేదు, ఈగతో పోల్చాడు, చూసుకోండి అన్నాడు. ఆ పోలిక ఇలియడ్‌లో నిజంగానే ఉంది! కిటుకంతా అక్కడే ఉందమ్మా. వాదం చిలిపిది, సాక్ష్యం మాత్రం అసలైనది. చివరికి, ఇంకా మాట్లాడితే ఈగని ఏనుగుని చేస్తున్నానంటారు అని దిగిపోయాడు. ఎప్పుడు దిగాలో తెలిసినవాడు.

ఒక్క హెచ్చరిక. వ్యాజస్తుతి, అంటే తిట్టినట్టే పొగడడం, దాని జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మా బళ్ళో లెక్కల మాస్టారు రిటైరైన రోజు నేను ఎంతో ముచ్చటపడి రెండు వాక్యాలు రాసుకున్నాను. మొదటిది, ‘ఈయన పచ్చి దొంగ.’ రెండోది, ‘ముప్పై ఏళ్ళుగా పిల్లల గుండెల్లోంచి లెక్కల భయాన్ని దొంగిలించాడు.’ సరిగ్గా ఆ రెంటి మధ్య మైకు పోయింది. అది బాగుపడేసరికి ముందు వరసలో ఆయన భార్య కుర్చీ ఖాళీగా ఉంది. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తరు. తిట్టూ పొగడ్తా ఒకే వాక్యంలో, ఒకే ఊపిరిలో ఉండాలని ఆ రోజే తెలిసింది.

ముక్తసరి:

మాస్టారి చిలక బాగుంది. ఒక్క పేచీ. లూషియన్ హోమర్‌ని పిలిచాడంటే ఆయన శ్రోతలకి హోమర్ కంఠతా వచ్చు కాబట్టి. ఈమె ఆఫీసు వాళ్ళకి హోమర్ ఏమవుతాడు? సాక్షి అనేవాడు ఆ గదిలో అందరికీ తెలిసినవాడై ఉండాలి. కర్ణుణ్ణి పిలవండి. కవచకుండలాలు ఇచ్చేశాడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ‘కర్ణుడు ఇచ్చేటప్పుడు ఇస్తున్నానని తెలిసే ఇచ్చాడు’ అని మీరు ఒక్క మాట అంటే మిగతాది వాళ్ళే పూరించుకుంటారు.

రెండోది, మీకు మాట్లాడే అర్హత ఎక్కడిది? ఒప్పించడానికి మూడు ఆధారాలని అరిస్టాటిల్ చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, వాదంలో బలం. సరదా ప్రసంగాల్లో మనవాళ్ళు మొదటిదాన్ని గాలికొదిలేస్తారు. లేవగానే, ‘ఈ ఏడాది నేను పోగొట్టుకున్న గొడుగులు నాలుగు. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే హక్కు ఈ గదిలో నాకే ఎక్కువ’ అనండి. మిమ్మల్ని మీరు తగ్గించుకుంటూనే పెద్దపీట మీద కూర్చుంటారు. సంఖ్య మాత్రం నిజం చెప్పండి, కొలీగ్స్ లెక్కపెట్టి ఉంటారు.

మూడోది చెప్పనంటూనే చెప్పడం. రోమన్లు దీనికి పేరు పెట్టి మరీ నేర్పారు, మన ఆక్షేపాలంకారం దీనికి చుట్టం. ‘నాలుగో అంతస్తులో మూడు నెలలుగా దండేనికి వేలాడుతున్న నీలం గొడుగు గురించి నేను మాట్లాడను. అది ఎవరిదో, ఇప్పుడు ఎవరు వాడుతున్నారో అసలే మాట్లాడను.’ ఇది ఒక్కసారే. రెండోసారి వాడితే చాడీ చెప్పినట్టుంటుంది.

నేను నాటకాల దాన్ని కాబట్టి ఇది కూడా చెప్పాలి. వక్తకి ముఖ్యమైనది ఏమిటని డెమోస్తనీస్ అనే గ్రీకు వక్తని అడిగితే ‘చెప్పే తీరు’ అన్నాడట. తర్వాతది? చెప్పే తీరు. మూడోది? అదే. మీరు మాత్రం నవ్వకండి. మీరు నవ్వితే వాళ్ళు నవ్వడానికి ఏమీ మిగలదు.

రిటైర్డ్_పంతులు:

కర్ణుడి విషయంలో ఓడిపోయాను. ఆవిడ చెప్పిందే సరి. నవ్వకపోవడం గురించి ఇంకొక్క మాట. ఎదుటివాడి గాంభీర్యాన్ని నవ్వుతో, నవ్వుని గాంభీర్యంతో దెబ్బతియ్యాలని అన్నది పైన చెప్పిన గోర్గియాసే. ఆ మాట నిజమేనని అరిస్టాటిల్ తన అలంకారశాస్త్రంలో ఎత్తి రాశాడు.

తడిసినకాకి:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మళ్ళీ మొదట్నుంచి రాశాను. తొమ్మిదింటిలో ఎనిమిది పోయాయి, గోపురంతో సహా. మధ్యలో ఒక ముక్క పెడుతున్నాను, చూడండి:

‘ఈ ఏడాది నేను పోగొట్టుకున్న గొడుగులు మూడు. నాలుగోది పోగొట్టుకునే అవకాశం ఇంకా రాలేదు. తడిసిపోవా అని అడుగుతారు మీరు. తడుస్తాను. కానీ నేను తడిసిన ప్రతిసారీ ఎక్కడో ఒకరు పొడిగా ఉన్నారు. కర్ణుడు ఇచ్చేటప్పుడు, ఇస్తున్నానని తెలిసే ఇచ్చాడు. పైగా ఎదురుగా అడిగేవాడు నిలబడితే ఇచ్చాడు. నవ్వొచ్చే సంగతేమిటంటే, నా దగ్గర ఎవరూ అడగలేదు, నేనెవరికీ ఇవ్వలేదు, అయినా దానం జరిగిపోయింది. అడిగితే ఇచ్చేవాడు దాత. అడక్కముందే ఇచ్చేవాడు మహాదాత. ఇచ్చినట్టు తనకే తెలియనివాణ్ణి ఏమనాలి?’

ఇది మా తమ్ముడికి వినిపించాను. నవ్వలేదు గానీ, తన గొడుగు తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రిటైర్డ్_పంతులు:

ఒప్పుకున్నాడనే అర్థం. ‘పొడిగా ఉన్నారు’ వాక్యం నేను రాయగలిగింది కాదమ్మా, చాలా బాగుంది. ‘నవ్వొచ్చే సంగతేమిటంటే’ కొట్టెయ్యండి. అది వింటే జనం నవ్వడానికి సిద్ధమై కూర్చుంటారు, సిద్ధమైనవాణ్ణి నవ్వించడం కష్టం. ‘పైగా’ కూడా తీసేయొచ్చు. ‘ఎదురుగా అడిగేవాడు నిలబడితే ఇచ్చాడు’ దానంతటదే నిలబడుతుంది.

వెనకబెంచీ:

నా మూడు వాక్యాలు ఎక్కడా కనబడలేదు. అయినా పర్లేదు, దానం అనుకుంటాను.

తడిసినకాకి:

మాస్టారూ, రెండు మాటలూ తీసేశాను. వెనకబెంచీ గారూ, మీవి మొదటి నిమిషంలో ఉన్నాయి, చూరు కింద నిలబడి మాట కలపడం యథాతథంగా. అంతా కలిపి నాలుగు నిమిషాల నలభై సెకన్లు వస్తోంది. మిగతా ఇరవై సెకన్లు నీలం గొడుగు దగ్గర ఆగడానికి ఉంచుకున్నాను.