మొదటి ఆడియో ఇంటర్‌ఫేస్: ఒక మైక్ ఇన్‌పుట్ చాలా, రెండు ఉండాల్సిందేనా?

కృష్ణలంక గాయని

అందరికీ నమస్కారం. నేను కర్ణాటక సంగీతం పాడతాను, అప్పుడప్పుడు లలిత గీతాలు కూడా. తమ్ముడు మృదంగం వాయిస్తాడు. ఇన్నాళ్లూ ఫోన్‌లో రికార్డ్ చేసి బంధువులకు పంపేవాళ్లం. ఇప్పుడు ఇంట్లోనే కాస్త పద్ధతిగా చేసుకుందామని పాతిక వేలు పక్కన పెట్టాం. మైకు, స్టాండు, హెడ్‌ఫోన్, ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) అన్నీ అందులోనే రావాలి. విండోస్ ల్యాప్‌టాప్ ఉంది.

షాపులో అడిగితే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో అనే, ఒక మైకు పట్టే ఇంటర్‌ఫేస్ తీసుకోమన్నారు. తెలిసినాయన ఒకరు అది వద్దు, రెండు మైకులు పట్టేదే కావాలంటున్నారు. కానీ దానికి ఎక్కువ పెడితే మైకు దగ్గర తగ్గించుకోవాలి. ఒక మైకు పట్టేది కొని మిగతా డబ్బు మంచి మైకు మీద పెట్టమంటారా? లేక రెండు పట్టేది కొని మామూలు మైకులతో సరిపెట్టుకోమంటారా? ఇంట్లో దీని మీదే వాదన నడుస్తోంది.

మంద్రస్థాయి

అమ్మా, తమ్ముడు మృదంగం వాయిస్తాడన్నారు చూడండి, నా మటుకు అక్కడే తేలిపోయింది. రెండు మైకులు పట్టేదే తీసుకోండి.

సోలోకి రెండు ఇన్‌పుట్లు ఉన్నమాట నిజమే. కానీ మైక్ ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగం) ఒక్కటే. రెండోది గిటారు, కీబోర్డు లాంటివాటికి. అందులో మైకు పెడితే గొంతు దాదాపు వినిపించదు. డబ్బా మీద రెండు ఇన్‌పుట్లు అని చదివి కొనేసి, ఇంటికెళ్లాక రెండో మైకు ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

మీ సంగీతంలో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకరినొకరు చూసుకుంటూ నడవాలి. కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేస్తున్నప్పుడు ఆ ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చివర మీరు ఎటు తిప్పుతారో తమ్ముడికి ముందే తెలియదు. మీ చేతి తాళం చూసి, మీరు ఊపిరి తీసుకోవడం చూసి పట్టుకుంటాడు. ముందు పాట రికార్డ్ చేసి, దాని మీద తర్వాత మృదంగం వాయిస్తే లెక్క సరిపోతుంది కానీ ఆ పట్టుకోవడం ఉండదు. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే మోగే భాగం) తర్వాత మీరు మళ్లీ పల్లవి ఎత్తుకునే చోట ఈ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి ఇద్దరూ ఒకేసారి కూర్చోవాలి, ఇద్దరి ట్రాకులూ వేర్వేరుగా రావాలి. ఒకే మైకులో ఇద్దరినీ పడితే, తర్వాత మృదంగం ఎక్కువైందనిపించినా తగ్గించే దారి ఉండదు.

నేను చెప్పేవి రెండు: బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ, ఆడియంట్ ఈవో 4. రెండింటిలోనూ రెండేసి మైక్ ప్రీయాంప్‌లు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ రకం మైకుకి కేబుల్ గుండా అందే కరెంటు) ఉన్నాయి. మీ బడ్జెట్‌కి మొదటిది నయం.

రాత్రి రికార్డింగ్

మంద్రస్థాయి గారూ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఇక్కడ ఒప్పుకోలేను. మీరు స్టూడియో గదిని మనసులో పెట్టుకుని చెబుతున్నారు. పది పన్నెండు అడుగుల గదిలో మృదంగం పక్కన కూర్చుని పాడితే ఆవిడ మైకులో మృదంగం బాగానే పడుతుంది. ట్రాకులు రెండు ఉంటాయి, విడదీయడం మాత్రం కుదరదు. పైగా ఒకే శబ్దం రెండు మైకులకూ కాస్త వెనకాముందుగా చేరుతుంది. ఆ రెండూ కలిపితే కొన్ని స్వరాలు పలచబడి, గొంతు డొల్లగా వినిపిస్తుంది. దీనికి వాడే కొండగుర్తు ఏమిటంటే, నోటికీ మైకుకీ ఎంత దూరం ఉందో, రెండు మైకుల మధ్య దానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. అడుగు దూరం నుంచి పాడే అలవాటున్న మనిషికి చిన్న గదిలో అది కష్టం.

ఇక డబ్బు. రెండు మైకులంటే రెండు స్టాండ్లు, రెండు కేబుళ్లు. హెడ్‌ఫోన్లు కూడా రెండు, వాటికి స్ప్లిటర్ ఒకటి. పాతిక వేలు ఇన్ని చోట్లకి పంచితే ఏ ఒక్కటీ బాగుండదు. ఆవిడ పాట వినడానికే కదా జనం వచ్చేది! గొంతుకి ఒక మంచి మైకు, దానికి సరిపడే ఇంటర్‌ఫేస్ కొంటే చాలా ఏళ్లు ఉంటాయి. కృతులు, అన్నమయ్య సంకీర్తనలు, లలిత గీతాలు ఒకరి తర్వాత ఒకరు రికార్డ్ చేసుకోవచ్చు.

సోలోలో ఆ రెండో ఇన్‌పుట్ కూడా వృథా పోదు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె లైన్ అవుట్‌ని (శబ్దాన్ని కేబుల్‌లోకి ఇచ్చే జాక్) అందులో పెట్టండి. శ్రుతి వేరే ట్రాకుగా వస్తుంది, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, మైకులో మాత్రం పడదు.

ఓరుగల్లు ర్యాప్

అక్కా, నేను చెప్పేది వేరే. ఇంత డబ్బు ఎందుకు? నా దగ్గర ఉన్నది బెరింగర్ యూఎం2. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ (రికార్డింగ్ ఎంత వివరంగా ఉంటుందో చెప్పే అంకెలు). దానితోనే పాటలు రిలీజ్ చేస్తున్నా, ఇంతవరకు ఒక్కరు కూడా సౌండ్ బాలేదనలేదు. 24 బిట్, 192 అని పెద్ద పెద్ద అంకెలు చెప్పి టెన్షన్ పెడతారు. అవి లేకపోతే నిజంగా ఏమవుతుంది?

మంద్రస్థాయి

మంచి ప్రశ్న తమ్ముడూ. 192 గురించి నువ్వన్నది పూర్తిగా నిజం. మనిషి చెవికి వినపడేది సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే. 48తో రికార్డ్ చేస్తే 24 దాకా పడుతుంది. 192 పెడితే ఫైలు నాలుగింతలవుతుంది, పాటకి ఒరిగేదేమీ లేదు.

24 బిట్ సంగతి వేరు. 16 బిట్‌లో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డీబీ (డెసిబెల్) చోటు ఉంటుంది. లెక్కకి అది చాలు, ఎందుకంటే ఇంట్లో గది నిశ్శబ్దమే 30, 40 డీబీ ఉంటుంది. కానీ ర్యాప్‌లో నీ గొంతు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది, గెయిన్ (మైకు సిగ్నల్‌ని ఎంత పెంచాలనే అమరిక) ఒకసారి పెడితే అయిపోతుంది. ఆలాపన అలా కాదు. మంద్రంలో గుసగుసలా మొదలై తారషడ్జమం దగ్గర నిండుగా వస్తుంది. ఆ పైస్థాయి పగలకుండా ఉండాలంటే గెయిన్ ముందే తగ్గించి పెట్టాలి, పైన 12 డీబీ దాకా ఖాళీ వదలాలి. అలా తగ్గించి తీసిన 16 బిట్ ట్రాకుని తర్వాత కంప్రెషన్‌తో (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించే పని) పైకి లాగితే మంద్రస్వరాల వెనక బురబుర వినిపించే అవకాశం ఉంది. 24 బిట్‌లో ఆ భయం లేదు.

ఇంకొకటి. యూఎం2కి సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం లేకుండా ఇంటర్‌ఫేస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లేదు. ఏఎస్‌ఐఓ4ఆల్ అనే వేరేవాళ్ల డ్రైవర్‌తో నెట్టుకురావాలి. పని జరుగుతుంది. కాకపోతే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా బ్రౌజర్‌లో ఏదైనా విందామంటే ఒక్కోసారి శబ్దం రాదు. యూఎంసీ202హెచ్‌డీకి సొంత డ్రైవర్ ఉంది.

వీణ తంత్రి

బొబ్బిలి వీణ వాయించేదాన్ని, నాదీ ఒక మాట. ఎన్ని ఇన్‌పుట్లు అని కొట్టుకుంటున్నారు, ఎలాంటి ఇన్‌పుట్టో ఎవరూ అడగడం లేదు. కచేరీల్లో వీణకి, వయొలిన్‌కి అంటించే కాంటాక్ట్ మైకు చాలావరకు పీజో రకం (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది). దాన్ని లైన్ ఇన్‌పుట్‌లో పెడితే మందర తీగల బరువంతా పోయి, రేకు మీద మీటినట్టు సన్నగా గరగరలాడుతుంది. అది వెళ్లాల్సింది ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోకి. అక్కడ అవరోధం (ఇంపీడెన్స్) సుమారు ఒక మెగా ఓమ్ ఉంటుంది. పీజోకి ఇంకా ఎక్కువ ఉంటే మరీ మంచిది, అందుకే మధ్యలో చిన్న ప్రీయాంప్ పెడతారు. రేపు మీ ఇంటికి వయొలిన్ వాయించేవాళ్లు వస్తే పనికొస్తుందని చెబుతున్నాను. ఇన్‌పుట్‌ని ఇన్‌స్ట్రుమెంట్‌కి మార్చే మీట గానీ, విడిగా ఆ జాక్ గానీ ఉందో లేదో చూసుకోండి.

ఒకరి తర్వాత ఒకరు అన్న పద్ధతి మీద నాకూ మనసు లేదు. తాళం క్లిక్‌కి (హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ మనే లెక్క) కట్టేసి పాడితే కృతి నడక బిగుసుకుపోతుంది. ఆ పాటని రేపు మనవలు వింటారు. ఇద్దరూ కలిసి వాయించినట్టే వినిపించాలి.

ఫ్రిస్కో పాటలు

టెక్సాస్ నుంచి. అక్కా, మైకు షూర్ ఎస్‌ఎం7బి తీసుకోండి. పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లందరి దగ్గరా అదే కనిపిస్తుంది. గది శబ్దం తక్కువ పడుతుంది.

రాత్రి రికార్డింగ్

అన్నా, ఈ బడ్జెట్‌లో ఆ మైకు ఒక్కటి కొంటే ఇక మిగిలేదేమీ ఉండదు. అది అలా ఉంచినా, దానికి కనీసం 60 డీబీ గెయిన్ కావాలని షూర్ వాళ్లే చెబుతారు. నాలుగో తరం సోలో ఇచ్చేది 57. అదే తరంలో రెండు మైకులు పట్టే స్కార్లెట్ 2ఐ2 అయితే 69 ఇస్తుంది. నేను సోలో పక్షమే, అయినా ఈ లెక్క దాచను. సోలో కొంటే కండెన్సర్ మైకే (చిన్న శబ్దాన్ని కూడా పట్టేది, ఫాంటమ్ పవర్ కావాల్సింది) జోడీ. ఏటీ2020 లాంటి కండెన్సర్, ఎస్‌ఎం58 అనే డైనమిక్ మైకు కంటే సుమారు 17 డీబీ ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది. ప్రీయాంప్ సగం తిప్పితే సరిపోతుంది.

మంద్రస్థాయి

అందులోనే చిక్కుంది. కండెన్సర్ మీ గొంతునే కాదు, వీధిలో స్కూటర్‌ని, వంటింట్లో కుక్కర్‌ని కూడా అంతే శ్రద్ధగా పడుతుంది. కృష్ణలంక ఇళ్ల మధ్య, ఫ్యాను ఆపితే పది నిమిషాలు కూర్చోలేని గదిలో, నా సలహా డైనమిక్ మైకులే (ఫాంటమ్ అక్కర్లేనివి, దగ్గరి శబ్దాన్నే బాగా పట్టేవి). నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి పాడితే 57 డీబీ కూడా సరిపోతుంది.

మృదంగం మైకులో పడుతుందన్నారు, దానికి కూర్చునే పద్ధతి ఉంది. పక్కపక్కన వద్దు, ఎదురెదురుగా కూర్చోండి. ఇలాంటి మైకులు చాలావరకు కార్డియాయిడ్, వెనకవైపు శబ్దం బాగా తక్కువ తీసుకుంటాయి. మీ మైకు వీపు తమ్ముడి వైపు, అతని మైకు వీపు మీ వైపు ఉండాలి. ఐదారడుగుల దూరం, కింద జంపఖానా, వెనక గోడకి దుప్పటి. మృదంగానికి నిజానికి రెండు వైపులా రెండు మైకులు పెడతారు. మీకున్నది ఒకటే కాబట్టి అడుగున్నర దూరంలో, మధ్యకి గురిపెట్టి, తొప్పి (ఎడమ చేతితో వాయించే ముఖం) వైపుకి రవ్వంత జరపండి. కొంచెం కలుస్తుంది, నిజమే. ఆ కొంచెం కలవడం వల్లే ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది.

కృష్ణలంక గాయని

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పాడుతున్నప్పుడు నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తుందని ఒకరు భయపెట్టారు, నిజమేనా? ఇంకోటి, స్నేహితురాలి ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించినప్పుడు ఛార్జర్ పెట్టగానే బుయ్ మని శబ్దం వచ్చింది, తీసేస్తే పోయింది.

సోల్డరింగ్ ఐరన్

ఆలస్యానికి మందు ఇంటర్‌ఫేస్ మీదే ఉంటుంది, డైరెక్ట్ మానిటర్ అని. అది ఆన్ చేస్తే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ద్వారా వింటే, 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శాంపిళ్లు) 256 పెడితే ఒకవైపుకే ఐదు మిల్లీసెకన్లు దాటుతుంది, రానుపోను కలిపి పదికి పైనే. డైరెక్ట్‌లో రెవర్బ్ (సాఫ్ట్‌వేర్ జోడించే, పెద్ద హాల్లో పాడినట్టుండే మోగుడు) మాత్రం వినపడదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దేవద్దు. దాంట్లో శ్రుతి వినొచ్చు, నిలకడగా మోగేదే కాబట్టి ఆలస్యమైనా ఇబ్బంది లేదు. తాళంతో పాడటం కుదరదు.

బుయ్ శబ్దం దాదాపు ఎప్పుడూ ఎర్తింగ్ దగ్గరే తేలుతుంది. ల్యాప్‌టాప్, స్పీకర్లు వేర్వేరు సాకెట్లలో ఉంటే ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చి చూడండి. ఆ సాకెట్‌కి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అద్దె ఇళ్లలో మూడు కన్నాలుంటాయి, మూడోదానికి తీగే ఉండదు. ఎవరైనా ఎర్త్ పిన్ను విరిచేయమంటే వినకండి, అది ప్రాణాలమీదికి వచ్చే పని. అప్పటిదాకా ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డ్ చేసుకోండి.

అమెరికా వీడియోలు చూసి 60 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెట్టేవాళ్లకి కూడా ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. హమ్ (ఆ బుయ్ శబ్దం) 50, 100, 150ల దగ్గర ఉంటుంది.

కృష్ణలంక గాయని

తమ్ముడు, నేను కూర్చుని అన్నీ చదివాం. రెండు మైకుల వైపే మొగ్గుతున్నాం. మా పరిచయస్తులు ఒకరు మూడో తరం స్కార్లెట్ 2ఐ2 వాడినది అమ్ముతామంటున్నారు. కొత్త యూఎంసీ202హెచ్‌డీ కంటే అది మేలా?

రాత్రి రికార్డింగ్

రెండు మైకులని తేల్చుకున్నారు కాబట్టి ఇక వాదించను. లలిత గీతాలకి మాత్రం ఒకరి తర్వాత ఒకరు పద్ధతి కూడా ఓసారి చేసి చూడండి, రెండూ పోల్చుకోవచ్చు.

పాతది బాగుంటే తీసుకోవచ్చు. మూడో తరంలో గెయిన్ 56 డీబీ, దగ్గరగా పాడే డైనమిక్ మైకుకి సరిపోతుంది. ఆటో గెయిన్ (గెయిన్‌ని తనే సరిచేసుకునే సదుపాయం) నాలుగో తరంలోనే వచ్చింది, అది లేకపోయినా నడుస్తుంది. కొనేముందు మీ ల్యాప్‌టాప్, ఒక కండెన్సర్ మైకు అరువు తెచ్చుకుని వాళ్లింటికే వెళ్లండి. రెండు ఇన్‌పుట్లలోనూ విడివిడిగా ఆ మైకు పెట్టి, 48 వోల్టుల బటన్ నొక్కి మాట్లాడి చూడండి. మీరు వాడేది డైనమిక్ అయినా సరే, ఫాంటమ్ పోయిన పెట్టె తీసుకోవద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకుని గెయిన్ నాబ్ మెల్లగా మొదటి నుంచి చివరిదాకా తిప్పండి, మధ్యలో చిటపటలాడితే లోపల అరిగినట్టు. యూఎస్‌బీ కేబుల్‌ని సాకెట్ దగ్గర కొంచెం అటూ ఇటూ కదపండి, కనెక్షన్ తెగకూడదు. రిజిస్ట్రేషన్ వాళ్ల పేరు మీద నుంచి తీసేశారో లేదో అడగండి. వెంట వచ్చే సాఫ్ట్‌వేర్ కోడ్‌లు వాళ్లు ఇదివరకే వాడేసి ఉంటారు కాబట్టి వాటికి అదనంగా ఇవ్వకండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, కొత్త యూఎంసీ202హెచ్‌డీ ధర కంటే తక్కువకి వస్తేనే పాతది తీసుకోండి. అంతకంటే ఎక్కువ అడిగితే వారంటీ ఉన్న కొత్తదే నయం.