అప్‌డేట్: ఫ్లూ తగ్గాక తమ్ముడి కాళ్ల నొప్పులు

పోయిన వారం అడిగాను కదా, ఫ్లూ తగ్గిన మూడో రోజుకి మా తమ్ముడు మెట్లెక్కలేకపోతున్నాడని. మారతహళ్లిలో మా పీజీ పక్క క్లినిక్‌లో "వైరల్ నొప్పులే" అని పంపేశారు. మీలో ఒకన్న మూత్రం రంగు చూడమన్నారు. అడిగితే అప్పుడు చెప్పాడు వెధవ, పొద్దుట్నుంచీ కోలా రంగులో వస్తోందని!

రాత్రికే పెద్దాసుపత్రిలో చేర్చాం. మామూలుగా 200 లోపు ఉండాల్సిన సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 41,000. వైరస్ దెబ్బకి కండరాలు వాచి, కణాలు పగిలి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీల మీద పడిందట. ఐదు రోజులు సెలైన్లే సెలైన్లు, గంటగంటకీ మూత్రం కొలత. డయాలసిస్ తప్పింది.

నిన్న కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, అంటే మామూలే; సీకే 2,300కి దిగింది. మంచం మీంచి ఇంకా నా భుజం పట్టుకునే లేస్తున్నాడు. అమ్మ అనంతపురం నుంచి రాగిపిండి డబ్బాతో దిగింది.