తిరుపతి వాన, చంద్రగిరి వాన: గుణించొచ్చా?

డిగ్రీ విద్యార్థి, తిరుపతి
మా ఇంటర్నల్ పరీక్షలో వచ్చిన లెక్క: రేపు తిరుపతిలో వాన పడే సంభావ్యత 0.5, చంద్రగిరిలో 0.4. రెండుచోట్లా పడే సంభావ్యత ఎంత? అందరూ గుణించి 0.2 అని రాశారు, మార్కులు పడ్డాయి. నేను "ఇచ్చిన సమాచారం చాలదు" అని రాస్తే సున్నా వేశారు. నాది తప్పా?

లెక్చరర్, చిత్తూరు
తప్పే తమ్ముడూ. సంబంధం ఉందని చెప్పనప్పుడు స్వతంత్ర ఘటనలుగానే, అంటే ఒకటి జరిగినా రెండోదాని అవకాశం మారదనే తీసుకోవాలి. నాణెం, పాచికల లెక్కల్లో చేసేది అదే కదా. 0.2 కాకపోతే మరి ఎంత? ఒక సంఖ్య చెప్పు చూద్దాం.

రిటైర్డ్ స్టాటిస్టిక్స్ టీచర్, తిరుపతి
సార్, ఒక్క సంఖ్య చెప్పలేం. అబ్బాయి అన్నదీ అదే. ఉన్న సమాచారంతో జవాబు 0 నుంచి 0.4 దాకా ఏదైనా కావచ్చు.

నాణేన్ని, పాచికను గుణిస్తున్నామంటే కారణం ఉంది. బొమ్మ పడిందని తెలిసినా పాచికలో ఆరు పడే అవకాశం ఆరింట ఒకటే. వానకు అలా కుదరదు. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే రెండు ఊళ్లూ కలిసే తడుస్తాయి. 2021 నవంబరు వరదలు మర్చిపోయామా? ఇక్కడ వాన పడిన రోజుల్లో చంద్రగిరిలో పడే అవకాశం 0.7 అనుకుందాం. అప్పుడు రెండుచోట్లా పడేది 0.5 × 0.7, అంటే 0.35. కనీసం ఒకచోట పడేది 0.5 + 0.4 − 0.35 = 0.55. గుణకారాన్ని నమ్ముకుంటే అది 0.7 అవుతుంది. ఇది చిన్న తేడా కాదు.

ఇలా గుణించడం వల్ల ఒక తల్లి జైలుపాలైంది. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ పసిబిడ్డలు ఇద్దరు చనిపోయారు. ఆమే చంపిందని కేసు పెట్టారు. ఆమెలాంటి వాళ్ల కుటుంబంలో ఉయ్యాల మరణం (కారణం తెలియకుండా పసిబిడ్డ నిద్రలోనే చనిపోవడం) 8,543లో ఒకటి కాబట్టి రెండుసార్లు జరగడం 7.3 కోట్లలో ఒకటి అని ఒక వైద్య నిపుణుడు కోర్టులో చెప్పాడు. ఒకే ఇంట్లో, ఒకే రక్తంలో పుట్టిన పిల్లల మరణాలను విడివిడి నాణేల్లా లెక్కగట్టాడు. 1999లో శిక్ష పడింది. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్కను బహిరంగంగా ఖండించింది. ఆమె 2003లో విడుదలైంది. ఆ కేసు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. "స్వతంత్రం అనుకోండి" అని ప్రశ్నలో రెండు మాటలు రాస్తే సరిపోయేదానికి పిల్లాడి మార్కులు ఎందుకు కోయాలి?

లెక్చరర్, చిత్తూరు
మేడమ్, వాన విషయం ఒప్పుకుంటున్నా. ప్రశ్నలోనే లోపం ఉంది. కానీ పరీక్షలో "చాలదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మార్కులు వేయడం కష్టం. "స్వతంత్రమైతే 0.2, కాకపోతే నియత సంభావ్యత (ఒకచోట పడితే రెండోచోట పడే అవకాశం) ఇవ్వాలి" అని రాసుంటే నేనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

డిగ్రీ విద్యార్థి, తిరుపతి
సార్, అంత వివరంగా రాయలేదు, నిజమే. మేడమ్, ఈ రెండు ఊళ్లకు సంబంధం ఉందో లేదో మేమే తేల్చుకోవచ్చా?

రిటైర్డ్ స్టాటిస్టిక్స్ టీచర్, తిరుపతి
తేల్చుకోవచ్చు నాయనా. వంద రోజులు రాసి పెట్టు. ఇక్కడ 50 రోజులు, అక్కడ 40 రోజులు పడితే, స్వతంత్రమైనప్పుడు రెండుచోట్లా పడినవి 20కి అటూ ఇటూగా ఉండాలి. 35 వస్తే గుణకారం పనికిరాదు. వానాకాలంలోనే రాయి. ఎండాకాలం రోజులు కలిపితే లెక్క చెడుతుంది.

డిగ్రీ విద్యార్థి, తిరుపతి
మా పిన్నివాళ్లు చంద్రగిరిలోనే ఉంటారు మేడమ్. అక్టోబరు 1 నుంచి రోజూ రాత్రి ఫోన్ చేసి రాసుకుంటాను. జనవరిలో లెక్క ఇక్కడే పెడతాను.