మొదటి నవల: డబ్బు కట్టి ఈ ఒప్పందంపై సంతకం చేయవచ్చా?

ప్రశ్న
లంక రచయిత్రి, అమలాపురం

అందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి దింపు, వలుపు పనులు చేసుకునే కుటుంబాల మీద నాలుగేళ్లపాటు ఒక నవల రాసి ఈ వేసవిలో పూర్తి చేశాను. సుమారు 60,000 పదాలు వచ్చింది. ఇంతకు ముందు ఆదివారం అనుబంధాలలోనూ అంతర్జాల పత్రికలలోనూ నావి ఆరు కథలు వచ్చాయి కానీ పుస్తకమంటూ ఏదీ లేదు.

ఇంగ్లీషులో రాసేవారి తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే లిటరరీ ఏజెంట్లు ఉంటారని చదివి, తెలుగులో అటువంటివారి కోసం కొన్ని నెలలు వెతికాను. ఒక్కరూ కనబడలేదు. ఇక నేనే నలుగురు ప్రచురణకర్తలకు రాశాను. ఇద్దరు జవాబు ఇవ్వలేదు, ఒకరు ఈ ఏడాదికి వేయవలసిన పుస్తకాలు నిర్ణయమైపోయాయన్నారు. నాలుగో సంస్థ మాత్రం పది రోజులలోనే నవల నచ్చిందని చెప్పి ఒప్పంద పత్రం పంపింది. దాని ప్రకారం నేను రూ. 85,000 చెల్లించాలి. వారు 300 ప్రతులు అచ్చు వేసి, 100 నాకు ఇచ్చి, 200 అమ్ముతారు. వెల రూ. 300. వారు అమ్మిన ప్రతి ఒక్కదానిపై నాకు 10 శాతం రాయల్టీ. ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు, మరో రూ. 3,000 విడిగా కట్టాలి. పత్రం చివర "రచనకు సంబంధించిన సమస్త హక్కులు ప్రచురణకర్తకు చెందుతాయి" అని ఒక్క వాక్యం ఉంది. వీటికి తోడు, నవలలోని కురిడీ (ఎండుకొబ్బరి), గండేరా, గటగట (మార్కెట్‌లో దాని రకాలు) వంటి మాటలు బయటివారికి అర్థం కావు కనుక తీసివేయాలని వారి సంపాదకుడు సూచించారు.

పుస్తకం చూసుకోవాలన్న ఆశ ఒకవైపు, అనుమానం మరొకవైపు. ఈ పత్రంపై సంతకం చేయవచ్చా? ఏజెంటు లేకుండా కొత్తవారు ప్రచురణకర్త దాకా ఎలా వెళ్లాలి?

ప్రత్యుత్తరం 1
అచ్చు పనివాడు, రాజమహేంద్రవరం

అమ్మా, నేను ముప్పై ఏళ్లు ముద్రణాలయంలో పనిచేసినవాణ్ణి, అందుచేత లెక్కల్లోనే మాట్లాడతాను. ఏజెంటు అనే వ్యక్తి రచయిత దగ్గర ముందుగా డబ్బు పుచ్చుకోడు. రచయితకు వచ్చిన దానిలో సాధారణంగా 15 శాతం తీసుకుని బతుకుతాడు. తెలుగులో కొత్త నవల 500 ప్రతులు వేసి, రూ. 300 వెలకు అన్నీ అమ్ముడుపోయాయనుకుందాం. మొత్తం రూ. 1,50,000, దానిలో మీ రాయల్టీ రూ. 15,000, అందులో ఏజెంటు వాటా రూ. 2,250. హైదరాబాదుకు రెండుసార్లు వెళ్లి వస్తే బస్సు చార్జీలకు సరిపోతుంది. తెలుగులో ఏజెంట్లు లేకపోవడానికి కారణం ఇంతకన్నా వేరేది నాకు కనబడదు. కాబట్టి ఎవరైనా ఏజెంటునని చెప్పి ముందుగా రుసుము అడిగితే ఆ మాట నమ్మకండి.

ఇప్పుడు మీ ఒప్పందం చూద్దాం. మీరు పెట్టేది రూ. 88,000. వారు 200 ప్రతులూ అమ్మితే మీకు వచ్చే రాయల్టీ రూ. 6,000. మీ చేతికి వచ్చిన 100 ప్రతులను మీరు ఒక్కటి కూడా ఊరికే ఇవ్వకుండా పూర్తి వెలకు అమ్మగలిగితే రూ. 30,000. అంటే అన్నీ కలిసివచ్చినా తిరిగి వచ్చేది రూ. 36,000 మాత్రమే. ఆ నష్టం భరించగలిగిందే అనుకున్నా, నన్ను ఆలోచింపజేసేది మరొకటుంది. అచ్చు ఖర్చూ లాభమూ మీ దగ్గరే ముందుగా రాబట్టుకున్న సంస్థకు ఆ 200 ప్రతులను దుకాణాలకు పంపి, డబ్బు వసూలు చేసుకునే శ్రమ పడవలసిన అవసరమేముంది?

ఒకవేళ సొంతంగానే వేయించుకోదలిస్తే, మీ 60,000 పదాలు డెమీ సైజులో 256 పేజీల దాకా వస్తాయి, అంటే ఒక్కోటి 16 పేజీల చొప్పున 16 ఫారాలు. ముద్రణాలయం వారిని మొత్తం ఎంతవుతుందని అడగకండి. టైప్‌సెట్టింగు, కాగితం ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), ప్లేట్లు, ముద్రణ, ముఖచిత్రం, లామినేషన్, బైండింగు అని విడివిడిగా రాయించి పుచ్చుకోండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 300 ప్రతులకైనా 1,000 ప్రతులకైనా ఒకటే కనుక తక్కువ ప్రతులైతే డిజిటల్ ముద్రణ ధర కూడా కనుక్కోండి. రెండు మూడు చోట్ల అడిగితే ఆ రూ. 85,000లో అచ్చు ఖర్చు ఎంతో మీకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఉంటారు. చాలా చోట్ల పేజీలు కట్టేది యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, మాటలు విరిగిపోతాయి. ఎవరు ప్రచురించినా సరే, ఆఖరి ప్రూఫును కాగితం మీద తీయించి మీరే మొదటి అక్షరం నుంచి చదవాలి. నా చేతుల మీదుగానే ఒక కవితా సంపుటి అట్టమీద కవి ఇంటిపేరు తప్పుగా వెళ్లింది. ఆయన ఈనాటికీ నన్ను పలకరించరు.

ప్రత్యుత్తరం 2
న్యాయవాది, భీమవరం

నేను అప్పుడప్పుడు కథలు రాస్తాను, వృత్తి న్యాయవాదం. పై లెక్కలలో నాకు భేదం లేదు, కానీ నా దృష్టిలో డబ్బు కన్నా ఆ చివరి వాక్యమే ప్రమాదకరమైనది. రూ. 88,000 పోతే ఒకసారి పోతుంది. రచయిత హక్కు జీవితకాలమూ, ఆ తరువాత మరో 60 ఏళ్లూ ఉండే ఆస్తి.

కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీ అన్నవి పత్రంలో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగానూ భావిస్తారు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, పత్రంలో వేరే విధంగా లేనప్పుడు, ఆ హక్కు వారికి లేకుండా పోతుంది. చట్టం ఇంత రక్షణ ఇస్తోంది కదా అని అస్పష్టమైన పత్రంపై సంతకం చేయకండి. ఈ రక్షణ కోర్టు మెట్లెక్కితే గానీ చేతికి రాదు, ఆ మెట్ల సంగతి నాకు తెలుసు.

"సమస్త హక్కులు" అన్నదానిని కొట్టివేసి, తెలుగులో అచ్చు పుస్తకంగా ప్రచురించే హక్కును మాత్రమే మూడేళ్లకు గానీ ఒక ముద్రణకు గానీ ఇస్తున్నట్టు రాయించండి. ఈ-పుస్తకం, శ్రవణ పుస్తకం, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ మీ దగ్గరే ఉంటాయని పేరుపేరునా చెప్పండి. కోనసీమ నేపథ్యంలో నవల అంటున్నారు కనుక ఈ చివరి రెండింటినీ తేలికగా తీసుకోవద్దు. ఆరు నెలలకోసారి అమ్మకాల లెక్క ఇవ్వాలనీ, ప్రతులు అయిపోయాక ఆరు నెలలలో మళ్లీ వేయకపోతే హక్కు తిరిగి మీకు వస్తుందనీ కూడా చేర్చండి. సక్రమమైన ప్రచురణకర్త వీటికి అభ్యంతరం చెప్పడు. చెబితే ఆ అభ్యంతరమే మీకు సమాధానం.

ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో రుసుము లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దానిని ఉచితంగా ఇస్తుంది, సొంతంగా ప్రచురించుకునే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఉచితమైన దానికి రూ. 3,000 వేసినవారి మిగతా పద్దులను కూడా అదే కళ్లతో చూడాలి.

రాతప్రతి పంపితే ఎవరైనా కాజేస్తారేమోనని కొత్తవారు భయపడుతుంటారు. రాసిన క్షణం నుంచే హక్కు మీది. నమోదు తప్పనిసరి కాదు. కావాలంటే సాహిత్య రచనకు రూ. 500 రుసుముతో చేయించుకోవచ్చు. తన ప్రతిని తనకే పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకుంటే చాలని కొందరు చెబుతారు. చట్టంలో అటువంటి ఏర్పాటేమీ లేదు.

ప్రత్యుత్తరం 3
పుస్తకాల దుకాణం, కాకినాడ

పై ఇద్దరి మాటలూ చదివి మీరు రేపే సొంతంగా అచ్చు వేయించడానికి బయలుదేరతారేమోనని ఇది రాస్తున్నాను. అచ్చు వేయడం సులువు, అమ్మడం కష్టం. మా దుకాణానికి ఏటా ఎందరో రచయితలు సంచీలో ప్రతులు పెట్టుకుని వస్తారు. వారి అటకల మీద కట్టలు ఎన్ని మిగిలి ఉంటాయో నేను ఊహించగలను, ఎందుకంటే నా దగ్గర మిగిలినవి నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

మేము వెలలో 40 శాతం తగ్గింపు తీసుకుంటాము. అమ్మిన తరువాతే డబ్బు ఇస్తాము, అమ్ముడుపోనివి తిప్పి పంపుతాము. రూ. 300 పుస్తకంలో మీకు రూ. 180 వస్తుందన్నమాట, అందులోంచే అచ్చు ఖర్చు, రవాణా. ఇది అన్యాయంగా తోచవచ్చు, కానీ అద్దె కట్టేది మేము. పుస్తకం వీపు మీద పేరు లేకపోతే అరలో దాని ఉనికే తెలియదు. ఇది చెప్పవలసిన విషయమా అనుకోకండి, నెలకొకటైనా అలాంటిది వస్తుంది.

అందుచేత, విజయవాడ ఏలూరు రోడ్డులోనూ హైదరాబాదులోనూ పంపిణీ ఉన్న ప్రచురణకర్త తన డబ్బుతో వేస్తానంటే, 10 శాతం రాయల్టీకే అయినా ఒప్పుకోండి. ఆయన డబ్బు పెట్టాడు కనుక అమ్మితీరాలి. ముందుగా ఎవరు ఎటువంటివి వేస్తున్నారో చూడండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు 1980 నుంచి ఎక్కువగా అనువాదాలు, సామాజిక విషయాల పుస్తకాలు తెస్తున్నారు. ఆన్వీక్షికి, ఛాయ వంటి సంస్థలు ఇప్పటి కథలు, నవలలు వేస్తున్నాయి, కొత్తవారివీ వేస్తున్నాయి. ఎవరికి రాసినా ముందు వారి పుస్తకాలు రెండు కొని చదవండి. నలుగురికీ ఒకే ఉత్తరం పంపితే ఆ సంగతి ఉత్తరంలోనే తెలిసిపోతుంది.

ప్రభుత్వ గ్రంథాలయాలు కొంటాయన్న ధీమాతో మాత్రం అదనంగా ప్రతులు వేయకండి. కొన్నప్పుడు సంతోషించండి.

అడిగినవారి ప్రతిస్పందన
లంక రచయిత్రి, అమలాపురం

ముగ్గురికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారు చెప్పిన మార్పులు రాసి ఆ సంస్థకు పంపాను. తమ రచయితలందరూ ఈ పత్రంపైనే సంతకం చేశారనీ, మార్చడం కుదరదనీ గంటలోనే జవాబు వచ్చింది. మానుకున్నాను. డబ్బు ఇంకా కట్టలేదు కనుక నష్టం లేదు. కొంతకాలం పోయాక మళ్లీ ప్రయత్నిస్తాను. ఈ లోగా పాఠకులు ఏర్పడతారని మొదటి మూడు అధ్యాయాలను ఫేస్‌బుక్‌లో పెట్టమని స్నేహితులు అంటున్నారు. పెట్టవచ్చా? సంపాదకుడు తీసివేయమన్న ఆ కొబ్బరి మాటల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

ప్రత్యుత్తరం 4
నవలా రచయిత, పాలకొల్లు

అప్పుడే పెట్టకండి. నవలల పోటీలు సాధారణంగా ఎక్కడా ప్రచురితం కాని రచననే అడుగుతాయి, సామాజిక మాధ్యమాలలో వచ్చినా అనర్హమని రాసేవారూ ఉన్నారు. ఏజెంటు లేని మన భాషలో ఆ పనిని కొంతవరకు పోటీలే చేస్తూ వచ్చాయి. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1890లలో రాజమహేంద్రవరం నుంచి వెలువడిన చింతామణి పత్రిక నవలలకు పోటీలు పెడితే, మన ప్రాంతంవారే అయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిలో బహుమతులు అందుకుని నవలా రచయితగా పేరు తెచ్చుకున్నారు. మన కాలంలో తానా వంటి అమెరికా తెలుగు సంఘాలు పోటీలు పెట్టి, బహుమతి పొందిన నవలలను పుస్తకాలుగా తెచ్చాయి. నెలకొక నవలను పూర్తిగా వేసిన చతుర మాసపత్రిక 2021లో ఆగిపోయిన తరువాత కొత్తవారికి ఒక పెద్ద తలుపు మూతపడింది కనుక, పోటీ ప్రకటన కనబడినప్పుడల్లా నిబంధనలు చదివి పంపండి. ఒక షరతు మాత్రం చూసుకోండి: బహుమతి రాకపోయినా హక్కులు నిర్వాహకులకే అన్నట్టు ఎక్కడైనా ఉంటే ఆ పోటీ వద్దు.

ప్రచురణకర్తకు పంపేటప్పుడు నవల మొత్తం పంపవద్దు. ఒక పేజీ ఉత్తరం, కథ ముగింపుతో సహా రెండు పేజీల సారాంశం, మొదటి రెండు అధ్యాయాలు చాలు. ముగింపు దాచిపెట్టి ఊరించాలని చూడకండి. డబ్బు పెట్టేవాడికి కథ ఎక్కడ ఆగుతుందో తెలియాలి. ఉత్తరంలో మీ ఆరు కథలు ఎక్కడ, ఎప్పుడు వచ్చాయో రాయండి. చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే ఇష్టమన్న వాక్యం మాత్రం వద్దు, నేను నా మొదటి ఉత్తరంలో అదే రాశాను.

ఇక మాటల విషయం. కురిడీని ఎండుకొబ్బరి అని మారిస్తే మీ నవల ఇంకో ఊరిది అయిపోతుంది. గండేరా, గటగట అన్నవి అంబాజీపేట మార్కెట్‌లో ధర నిర్ణయించే మాటలు. ఏ రకానికి ఎంత పలికిందన్నదాని మీద ఆ ఇంట్లో ఆ నెల గడుస్తుందో లేదో ఆధారపడి ఉన్నప్పుడు వాటిని తీసివేసి ఏమి చెబుతాం? అయితే సంపాదకుడి ఇబ్బంది కూడా అబద్ధం కాదు. చివర పదకోశం పెడితే ఎవరూ వెనక్కి తిప్పి చూడరు. ప్రతి మాటా మొదటిసారి వచ్చినచోట బేరం సాగుతుండగానో, కాయ చెవి దగ్గర ఆడించి చూస్తుండగానో దాని అర్థం పాఠకుడికి తెలిసేటట్టు ఆ సన్నివేశాన్ని తిరగరాయండి. ఆ పని పూర్తయితే సారాంశం కూడా మెరుగుపడుతుంది.

పంపే కాలం కూడా చూసుకోండి. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల కోసం శరత్కాలం నుంచే ప్రచురణకర్తలు ఊపిరాడని పనిలో ఉంటారు, అప్పుడు వెళ్లిన ఉత్తరం కట్టలో అడుగున పడిపోతుంది. విజయవాడ ప్రదర్శనకు వీలుంటే ఒక రోజు వెళ్లి, మీకు నచ్చిన సంస్థల దుకాణాల దగ్గర నిలబడి పుస్తకాలు చూసి రండి, నవల సంగతి మాత్రం అక్కడ ఎత్తకండి. ఫిబ్రవరి నెలాఖరుకు ఉత్తరం పంపండి. చిత్తుప్రతి సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే నేను చూస్తాను.