సెక్యూరిటీ క్లియరెన్సులకు ఉమ్మడి డేటాబేస్: ఖర్చు ఏ హెడ్ కింద రాస్తారు?

కాజీపేట పెన్షనర్:

రైల్వే అకౌంట్స్‌లో చేసి రిటైర్ అయినవాణ్ని, ఉండేది కాజీపేటలో. మా పెద్దోడు అమెరికా పౌరుడు, మేరీల్యాండ్‌లో ఉంటాడు. అక్కడి రక్షణ శాఖకు పనిచేసే ఒక కంపెనీలో ఉన్నప్పుడు వాడికి సీక్రెట్ క్లియరెన్స్, అంటే మనిషిని తనిఖీ చేసి రహస్య సమాచారం చూడనిచ్చే అనుమతి, వచ్చింది. ఇప్పుడు కంపెనీ మారాడు. కొత్త పని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖది. మళ్లీ ఫారాలు, మళ్లీ తనిఖీ, నెలలు గడుస్తున్నాయి. అది తేలితే గానీ కొత్త జీతం మొదలుకాదట. వాడు వివరాలు చెప్పడు, నేను అడగను. టెన్షన్ మాత్రం మా ఇద్దరికీ ఉంది, మా ఆవిడకి ఇంకా ఎక్కువ.

ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ ఇచ్చిన క్లియరెన్స్ ఇంకో శాఖకు ఎందుకు కనపడదు? అన్నీ ఒకేచోట ఉండే డేటాబేస్ పెట్టాలని 2004లోనే అక్కడ చట్టం చేశారని చదివాను. డబ్బులేని దేశమా అంటే కాదు. కంప్యూటర్లు తెలియనివాళ్లా అంటే అసలే కాదు. అందుకే నా అనుమానం హెడ్ మీదికి, అంటే ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలన్నదాని మీదికి పోతుంది.

మా దగ్గర ఒక రైల్వే ఇంకో రైల్వే కోసం ఖర్చు పెడితే ఏటీడీ పంపేది, అంటే డెబిట్ కాగితం. అవతలివాళ్లు వోచర్ లేదనో, సంతకం కలవలేదనో ఒప్పుకోకుండా తిప్పి పంపేవాళ్లు. పని అయిపోయి, సామాను అరిగిపోయి, చేసినాయన రిటైరైనా ఆ పైసలు ఎటూ తేలక సస్పెన్స్ ఖాతాలోనే ఉండేవి. అందరూ వాడుకునే వస్తువుకు డెబిట్ ఒప్పుకునేవాడు దొరకడు. అమెరికాలోనూ ఇదే తంతా?

ఇంకొకటి. వాడు మొదటిసారి నింపిన ఫారంలో నా పేరు, పుట్టిన తేదీ, కాజీపేట అడ్రసు రాశాడు. ఈ ఫారాలు అక్కడి ప్రభుత్వ కంప్యూటర్లలోంచి దొంగిలించారని 2015లో బయటపడింది కదా, అది దానికి ముందు మాట. అంటే నా వివరాలు కూడా పోయినట్టేనా?

పోచమ్మమైదాన్ టు వర్జీనియా:

నమస్తే బాబాయ్. మాది వరంగల్ పోచమ్మమైదాన్. ఇక్కడ ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. బయట అందరికీ తెలిసిన సంగతులే చెప్తాను.

మీరు అనుమానించింది నిజమే. 2004 చట్టంలోని 3001వ సెక్షన్ ఓపీఎం అనే సిబ్బంది వ్యవహారాల సంస్థకు ఆ పని అప్పజెప్పింది. క్లియరెన్స్ ఇచ్చినా, నిరాకరించినా, రద్దు చేసినా ఒకే డేటాబేస్‌లో ఎక్కాలి, 12 నెలల్లో అది నడవాలి. డబ్బు సంగతి కూడా రాశారు. 2005 నుంచి ఏటా 'ఎంత అవసరమైతే అంత' ఇవ్వొచ్చని. అకౌంట్స్ మనిషి మీరు, అందులో కిటుకు మీకే తెలుస్తుంది. ఇవ్వొచ్చు అన్నారు, ఇచ్చామనలేదు. ఏటా బడ్జెట్‌లో విడిగా కేటాయిస్తేనే అది పైసా అవుతుంది.

ఓపీఎం చేసినన్నాళ్లు తనిఖీలు నడిచింది రివాల్వింగ్ ఫండ్ మీద, అంటే బిల్లుల మీద వచ్చే డబ్బుతోనే తిరిగే ఖాతా మీద. ఏ శాఖ మనిషిని తనిఖీ చేస్తే ఆ శాఖకు బిల్లు. టాప్ సీక్రెట్ స్థాయి తనిఖీ ఒక్కదానికే 5 వేల డాలర్లకు పైన పడుతుంది. కేసుకింత అని వచ్చే డబ్బుతో కేసులు నడుస్తాయి. వాటన్నిటి కింద ఉండే సిస్టమ్‌ను ఎవరు కొనాలి, పదేళ్ల తర్వాత ఎవరు మార్చాలి అన్నది ఏ బిల్లులోనూ ఉండదు. ఆ కేసుల డబ్బైనా ఎప్పుడూ సరిపోయిందా అంటే అదీ లేదు. 2006 ఏప్రిల్‌లో రక్షణ శాఖ తరఫున మా కాంట్రాక్టర్ల ఫారాలు తీసుకునే విభాగానికి పైసలు అయిపోయి, కొత్త అర్జీలు తీసుకోవడమే ఆపేసింది. యుద్ధాలు నడుస్తున్న రోజులవి!

చివరికి మిగిలింది మూడు గూళ్లు. ఓపీఎం పెట్టింది ఒకటి. రక్షణ శాఖకు జేపాస్ అని ఒకటి, 2021లో దాని స్థానంలోకి డిస్ వచ్చింది. గూఢచార సంస్థలకు స్కాటర్డ్ కాజిల్స్ అని రహస్య నెట్‌వర్క్‌లో ఇంకొకటి. దేశ భద్రత కోసమైతే కొంత సమాచారం ఉమ్మడి డేటాబేస్‌కు ఇవ్వకుండా ఉంచుకోవచ్చని అదే చట్టం వెసులుబాటు కూడా ఇచ్చింది.

ఇక దొంగతనం. 2015లో బయటపడింది. 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. చైనా మీదే మొదటి అనుమానమని అప్పటి గూఢచార విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ అన్నారు. ఆ 2 కోట్ల 15 లక్షలు సోషల్ సెక్యూరిటీ నంబరు పోయినవాళ్ల లెక్క. మీకు ఆ నంబరే లేదు కాబట్టి మీరు ఆ లెక్కలోకే రారు. కానీ ఫారం పోతే అందులోని కాజీపేట అడ్రసు కూడా దానితోపాటే పోతుంది కదా. మావాళ్లందరి అమ్మానాన్నల సంగతీ అంతే.

మీకు నచ్చే ముక్క ఒకటుంది. అదే ఏడాది జూన్‌లో ఓపీఎం లెక్కలు, పనితీరు తనిఖీ చేసే అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్ అంటారు, పోలీసు ఐజీ కాదు) ఒక హెచ్చరిక రాశారు. కంప్యూటర్ వ్యవస్థ మొత్తం బాగుచేయడానికి 9 కోట్ల 30 లక్షల డాలర్లని అంచనా వేశారు, పాత సిస్టమ్‌లను అందులోకి మార్చే ఖర్చు అందులో లేనే లేదు, పైగా దీనికంటూ విడిగా నిధి లేదు అని. విభాగాల బడ్జెట్లలోంచే సర్దుకోవాలన్నది వాళ్ల ఆలోచన. దొంగతనం తర్వాత బాధితుల పేరు మీద మోసాలు జరగకుండా కనిపెట్టే సేవలు కొనడానికి మాత్రం ఒక్క కాంట్రాక్టే 13 కోట్ల 30 లక్షల డాలర్లయింది.

కాజీపేట పెన్షనర్:

'విభాగాల బడ్జెట్లలోంచి సర్దుకోవాలి' అన్న మాట నేను సర్వీసంతా చదివాను బాబూ, ఫైళ్లలో. ఆ తర్వాతేమైంది? మొత్తం రక్షణ శాఖకే అప్పజెప్పారు కదా?

పోచమ్మమైదాన్ టు వర్జీనియా:

అవును. 2018లో పెండింగ్ కేసులు 7 లక్షల 25 వేల దాకా పెరిగిపోయాయి. 2019లో తనిఖీల పనంతా రక్షణ శాఖలోని డీసీఎస్ఏకి మార్చారు. పెండింగ్ బాగా తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కొత్త ఉమ్మడి సిస్టమ్ పేరు ఎన్‌బీఐఎస్. 2016లో మొదలైంది, 2019 కల్లా పూర్తి కావాల్సింది. 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినా నమ్మదగిన షెడ్యూలు లేదని, ఖర్చు అంచనా కూడా సరిగా లేదని 2023లో అక్కడి ఆడిట్ సంస్థ జీఏఓ తేల్చింది. ఆ ఏడాది అక్టోబరుకు ఫారం నింపే భాగం మాత్రం పూర్తిగా కొత్తదానిలోకి మారింది. నాకు ఇదొక్కటే కళ్లకు కనబడ్డ లాభం.

మాజీ ఎస్‌బీ, హన్మకొండ:

అమెరికా సంగతి మీరు చూసుకోండి. ఇక్కడి వెరిఫికేషన్ ఎట్ల నడిచేదో నేను చెప్తా. వరంగల్, జనగామ, ములుగు దిక్కు స్పెషల్ బ్రాంచ్‌లో చేసినవాణ్ని.

పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు మా సర్వీసులో విదేశాంగ శాఖ పోలీసులకు ఎంత ఇచ్చేదో తెలుసా? 21 రోజుల్లోపు రిపోర్ట్ పంపితే 150 రూపాయలు, దాటితే 50. అది కూడా కేసుకింత లెక్కే. ఆ 150లో పెట్రోల్ ఉంది, ఫోన్ ఉంది, పాత రికార్డు వెతకడం ఉంది. రికార్డు బాగుచేయడానికి మాత్రం రూపాయి లేదు.

మా రోజుల్లో ఒక పోరడికి పాస్‌పోర్ట్ కోసం పోయి వస్తిమి. కొన్నాళ్లకు అదే పోరడు సీఆర్‌పీఎఫ్‌కు సెలెక్టయి అటెస్టేషన్ ఫారం వచ్చేది. తర్వాత తమ్ముడిది. అదే వాడకట్టు, అదే ఇల్లు, అదే ముసలమ్మ. "మొన్ననే వచ్చిపోతివి గద బిడ్డా, మళ్లేమైంది?" అని చాయ్ పోసేది. వెనకటి రిపోర్ట్ ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే అది వేరే శాఖ అడిగింది.

2009లో సీసీటీఎన్ఎస్ అని దేశంలోని స్టేషన్లన్నీ కలిపే ప్రాజెక్టుకు 2 వేల కోట్లు మంజూరు చేశారు. మంచిదే, ఇప్పుడు ఎఫ్ఐఆర్ వెతకడం తేలికైంది. చిక్కు ఎక్కడంటే ఎఫ్ఐఆర్ తొందరగా ఎక్కుతుంది, కోర్టు కొట్టేసిన సంగతి తొందరగా ఎక్కదు. మన దగ్గర పాత నక్సలైట్ కేసుల్లో ఒక్క పేరు మీద ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఊరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరులో ఒక అక్షరం తేడా. స్క్రీన్ మీద 'మ్యాచ్' అని వస్తుంది. ఆ మనిషి ఈయన కాదని చెప్పాలంటే ఊరికి పోవాల్సిందే.

ఇంకోటి పెద్దమనిషీ, మీది రైల్వే కాబట్టి మీకు ఎరుకే. ఉద్యమంలో కాజీపేటలో రైల్ రోకో చేసిన పిల్లల మీద ఆర్‌పీఎఫ్ రైల్వే చట్టం కింద పెట్టిన కేసులు రాష్ట్ర పోలీసులవి కావు. రాష్ట్రం తన కేసులు ఎత్తేసినంత మాత్రాన అవి పోవు. పోరగాళ్లు 'అన్నీ పోయినయి' అనుకుని ఫారంలో 'లేదు' అని రాసేవాళ్లు. అక్కడ దొరికిపోయేవాళ్లు. దాచడం వేరు, కేసు ఉండడం వేరు. చిన్న కేసైతే అధికారి మిగతా పరిస్థితులు కూడా చూసి నిర్ణయించాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్నది రాసినవాడికి కొంతైనా దారి దొరికేది.

గ్రూప్స్ ప్రిపరేషన్:

నాదొక సందేహం సార్. అందరి వివరాలు ఒకేచోట పెట్టబట్టే కదా ఒకేసారి పోయినయి? విడివిడిగా ఉంటేనే సేఫ్ కాదా? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

కాజీపేట పెన్షనర్:

విడిగా ఉన్నా కాపలా ఖర్చు తప్పదు బాబూ. మూడు గోడౌన్లుంటే ముగ్గురు వాచ్‌మన్లు కావాలి. అప్పుడు పోయింది ఒక్క ఓపీఎం గూడే, అదొక్కటే చాలలేదా? నన్నడిగితే తనిఖీ చేసిన ఫైలంతా అందరికీ కనబడనక్కర్లేదు. ఎవరికి, ఏ స్థాయి, ఏ తేదీన, ఏ శాఖ ఇచ్చింది, ఇప్పుడు ఉందా పోయిందా. ఇంతవరకే అందరికీ కనబడాలి. దాని ఖర్చు కేసుల ఫీజులో కలపొద్దు. పార్లమెంటు దగ్గర విడి హెడ్ తెరవాలి. కట్టడానికి వేరు, ఏటా నడపడానికి వేరు. నడిపే ఖర్చు మొదటి రోజే చూపించని ప్రతిపాదనను నేనైతే వాపస్ పంపేవాణ్ని. ఇంటర్వ్యూలో ఇట్ల చెప్తే మార్కులేస్తారో లేదో నాకు తెలియదు.

వర్జీనియా బాబూ, అసలు సంగతి అడగడం మర్చిపోయేటట్టున్నా. మావాడి పాత క్లియరెన్స్ కొత్తవాళ్లకు కనబడాలంటే ఎవరిని పట్టుకోవాలి? పాత కంపెనీనా, కొత్తదాన్నా?

పోచమ్మమైదాన్ టు వర్జీనియా:

కొత్త కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌నే బాబాయ్. పాతవాళ్లు తమ లిస్టులోంచి పేరు తీసేసి ఉంటారు, కొత్తాయన డిస్‌లో తన కిందికి తెచ్చుకోవాలి. వేరే శాఖ క్లియరెన్స్‌ను ఒప్పుకునే నిర్ణయం 5 పనిదినాల్లో జరగాలని 2018లో ఆదేశం ఉంది. కానీ హోంల్యాండ్ వాళ్లకు క్లియరెన్స్‌తో పాటు 'ఫిట్‌నెస్' అని విడిగా ఒక తనిఖీ ఉంటుంది, ఆరోగ్యం కాదు, ఆ పనికి మనిషి తగినవాడా అని. చాలామంది ఆగిపోయేది అక్కడే. మీవాడిది ఏది ఆగిందో ముందు ఆయన్ని అడిగి తెలుసుకోమనండి. ఒక్క జాగ్రత్త. క్లియరెన్స్ అవసరమైన పని లేకుండా ఎక్కువ కాలం గడిస్తే పాతది పనికిరాకపోవచ్చు, అందుకే ఊరికే ఎదురుచూడొద్దని చెప్పండి. ఇవేవీ వాట్సాప్‌లో మాట్లాడుకోకండి. ఆఫీసు నంబరుకే ఫోన్ చేయమనండి.