ఆదికాండము 2:7లోని "జీవాత్మ" ఏ అర్థంలో వచ్చింది?

ప్రశ్న:

తెలుగు బైబిలులో ఆదికాండము 2:7 ఇలా ఉంది: "దేవుడైన యెహోవా నేలమంటితో నరుని నిర్మించి వాని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదగా నరుడు జీవాత్మ ఆయెను." జీవాత్మ, పరమాత్మ అనే మాటలను వేదాంత గ్రంథాలలో చదువుకున్న నాకు ఈ పదం ఇక్కడ కనిపించడం తికమకగా తోచింది. ఆ జీవాత్మ, ఈ జీవాత్మ ఒకటేనా? దీనితో పాటు మరొక సందేహం ఉంది. సైకాలజీ అనే పేరులోని మొదటి భాగానికి ఆత్మ అని అర్థమని చెబుతారు; మనం మాత్రం మనస్తత్వ శాస్త్రం అంటున్నాము. ఈ రెండింటికీ సంబంధం ఉంటే పెద్దలు వివరించగలరు.

జవాబు:

అమ్మా, సంబంధం ఉంది. మొదటి ప్రశ్నకు ముందుగా సూటిగా చెబుతాను: రెండూ ఒకటి కావు. వేదాంతంలో జీవాత్మ దేహాన్ని ధరిస్తుంది, విడుస్తుంది, మరొక దేహాన్ని పొందుతుంది. ఆదికాండములోని నరుడు జీవాత్మను పొందినట్లు లేదు, జీవాత్మ "ఆయెను" అని ఉంది. మట్టి, ఊపిరి కలిసినప్పుడు ఏర్పడిన మనిషి మొత్తానికి ఆ పేరు వచ్చింది. ఆదాము అనే పేరుకు, నేల అనే అర్థం గల "అదామా" అనే హీబ్రూ మాటకు ఉన్న శబ్దమైత్రి కూడా మనిషిని మట్టికే ముడిపెడుతుంది; "నరుడు", "నేలమన్ను" అనేసరికి తెలుగులో ఆ మైత్రి పోయింది, దానికి ఏ అనువాదకుడూ చేయగలిగినది లేదు.

జీవాత్మ అని తెలుగులోకి వచ్చిన చోట హీబ్రూ మూలంలో "నెఫెష్ హయ్యా" అని ఉంది. ఇదే పదబంధం మొదటి అధ్యాయంలో నీటిలో చలించే ప్రాణులకు (1:20), పశువులకు, పురుగులకు, అడవి జంతువులకు (1:24) కూడా వాడబడింది. అక్కడ మన అనువాదంలో "జీవముగలవాటిని" అని కనిపిస్తుంది. మూలంలో ఒకటే అయిన మాట తెలుగులో జంతువుల దగ్గర జీవముగా, మనిషి దగ్గర జీవాత్మగా విడిపోయిందన్నమాట. ఇది తెలుగువారు కొత్తగా చేసిన పని కాదు. 1611 నాటి ప్రసిద్ధ ఆంగ్లానువాదం కూడా ఈ రెండు చోట్లా ఇదే తేడా చూపింది; మనిషి దగ్గర అక్కడ "లివింగ్ సోల్" అని ఉంది.

నెఫెష్ అనే మాటకు గొంతు, ఊపిరి, ఆకలి, ప్రాణం, ప్రాణి, ఒక్కొక్కచోట "నేను" అనే అర్థాలు కూడా ఉన్నాయి. సంఖ్యాకాండము 6:6లో అయితే అది శవానికే వాడబడింది. కీర్తనలలో మన అనువాదకులు దీనికి చక్కని మాట ఎంచుకున్నారని నా అభిప్రాయం: "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అన్న చోటా, లేవీయకాండము 17:11లో "రక్తము దేహమునకు ప్రాణము" అన్న చోటా మూలంలో ఉన్నది నెఫెషే. 69వ కీర్తనలో "జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అన్న చోట నీళ్లు గొంతు దాకా వచ్చాయని చాలామంది పండితులు అర్థం చెబుతారు. ప్రాణం గొంతులోకి వచ్చిందని నిత్యం అనుకునే మనకు ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఉండటం వింతగా తోచకూడదు.

మీ సందేహానికి తెలుగు బైబిలులోనే మరొక సాక్ష్యం ఉంది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15:45లో పౌలు ఇదే ఆదికాండ వాక్యాన్ని ఉదహరిస్తాడు. అక్కడ తెలుగు పాఠం: "ఆదామను మొదటి మనుష్యుడు జీవించు ప్రాణి ఆయెను." ఒకే వాక్యం ఒక చోట జీవాత్మ, మరొక చోట జీవించు ప్రాణి అయింది. రెండవదే మూలానికి దగ్గర అని నేననుకుంటున్నాను. అక్కడ పౌలుకు ప్రాణిని ఆత్మ నుంచి వేరుచేసి చూపవలసిన అవసరం ఉంది: మొదటి ఆదాము ప్రాణి, కడపటి ఆదాము "జీవింపచేయు ఆత్మ". మొదటి ఆదామును కూడా ఆత్మ అంటే ఆ వాదమే నిలవదు కనుక అనువాదకులు జాగ్రత్తపడి ఉంటారు.

ఇక మీ రెండవ ప్రశ్న. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ధర్మశాస్త్ర గ్రంథాలను గ్రీకులోకి మార్చినప్పుడు నెఫెష్‌కు బదులుగా "ప్సుఖే" అనే మాట వచ్చింది. సైకాలజీ పేరులోని మొదటి భాగం ఇదే. అప్పటికే ఆ మాటకు గ్రీకులో సొంత చరిత్ర ఉంది. ప్లేటో దృష్టిలో అది దేహమనే చెరలో పడిన, మరణం లేని వస్తువు. అరిస్టాటిల్ దృష్టిలో అది ప్రాణమున్న దేహం పనిచేసే తీరు. పోషణ శక్తిగా మొక్కలలోనూ, ఇంద్రియ జ్ఞానంతో జంతువులలోనూ, వాటికి తోడు బుద్ధితో మనిషిలోనూ ఉంటుంది. హీబ్రూ కవికి అరిస్టాటిల్ మాట కొంత అర్థమై ఉండేదేమో కాని, తర్వాతి క్రైస్తవ లోకంలో మొదట పైచేయి అయినది ప్లేటో భావమే. లాటిన్‌లో "ఆనిమా"గా మారిన ఈ మాటను తొలినాటి క్రైస్తవ మతాచార్యుడు ఆగస్టీను ప్లేటో వైపు నుంచి చదివాడు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ అరిస్టాటిల్‌ను తిరిగి పట్టుకొని, ఆత్మ దేహానికి రూపమని, అంటే దేహాన్ని ప్రాణమున్న దేహంగా నిలిపే తత్వమని, అయినా మనిషి ఆత్మ మరణానంతరం నిలుస్తుందని రెండింటినీ కలిపి చెప్పాడు.

ఆత్మ వేరని ఒప్పుకున్నాక అది ఎక్కడి నుంచి వచ్చిందనే ప్రశ్న తప్పదు. తొలినాటి క్రైస్తవ రచయితలలో, దేహంతో పాటు తల్లిదండ్రుల నుంచే వస్తుందని టెర్టులియన్ వాదించాడు; ప్రతి మనిషికీ దేవుడు కొత్తగా సృష్టిస్తాడని జెరోము పక్షం; ఆగస్టీను చివరిదాకా తేల్చుకోలేదు. ఆదాము పాపం సంతానానికి సంక్రమిస్తుందని గట్టిగా చెప్పిన ఆయనకు మొదటి వాదం అనుకూలమే అయినా, ఆత్మను విత్తనంలా పంచుకునే పదార్థంగా చూడటం ఆయనకు రుచించలేదు. ఇప్పుడు చూడండి: 1590లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో రుడోల్ఫ్ గోక్లేనియస్ ప్రకటించిన వ్యాస సంకలనం సైకాలజీ అనే పేరును శీర్షికగా ధరించిన తొలి గ్రంథాలలో ఒకటి, అందులోని ముఖ్య చర్చ మనిషి ఆత్మ పుట్టుక గురించే. అంటే ఈ శాస్త్రం పేరు మొదట మతశాస్త్రపు ముంగిట్లోనే వినిపించింది.

19వ శతాబ్దంలో పరిస్థితి తిరగబడింది. "ఆత్మ లేని ఆత్మశాస్త్రం" కావాలని జర్మన్ తత్వవేత్త ఫ్రీడ్రిష్ ఆల్బర్ట్ లాంగె అన్నాడు. 1879లో వుంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త లైప్‌జిగ్‌లో మనస్తత్వ ప్రయోగశాల తెరిచాడు. 1913లో అమెరికన్ మనస్తత్వవేత్త వాట్సన్ ఆత్మనే కాదు, చైతన్యాన్ని కూడా వదిలి ప్రవర్తన ఒక్కటే చాలన్నాడు. ఇంతమంది ఖాళీ చేసినా పాత పేరు మాత్రం మిగిలింది. తెలుగులో ఆ పేరును మనస్సుతో కట్టుకున్నాము కనుక ఈ కథ మన కంటికి కనబడదు. మన సంప్రదాయంలో మనస్సు అంతఃకరణంలో ఒక భాగం, అంటే ఆత్మ చేతిలోని పనిముట్టు. "మనస్తత్వ శాస్త్రం" అనగానే ఆత్మ ప్రశ్న పక్కకు తప్పుకుంటుంది. నాకైతే ఇది ఆ శాస్త్రం నేటి స్థితికి సరిపోయిన పేరే.

ఫ్రాయిడ్ విషయం ఒక్కటి చెప్పి ఆపుతాను. ఆయన నాస్తికుడు, అయినా జర్మన్‌లో "జేలె" అనే మాటను, అంటే ఆత్మ, మనస్సు రెంటికీ వాడుకలో ఉన్న సామాన్య పదాన్ని, ధారాళంగా వాడాడు. ఆంగ్లానువాదంలో ఆ చోట్ల మనస్సుకు సంబంధించిన మాటలు చేరాయని బ్రూనో బెటెల్‌హైమ్ 1982లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఫ్రాయిడ్ "నేను" అని తేలికగా అన్నదాన్ని ఆంగ్లంలో "ఈగో" అనే లాటిన్ మాటగా మార్చగా, మనం దాన్ని "అహం" అన్నాము. సంస్కృతంలో అహం అంటే నేనే కనుక మూలానికి చేరినట్లే. అయితే "వాడికి అహం ఎక్కువ" అనే తెలుగు వాడుకలో పడి అది పొగరు అయి కూర్చుంది.

మరొక సభ్యుని అభ్యంతరం:

అయ్యా, మీ వివరణ బాగుంది కాని అనువాదకులకు కొంత అన్యాయం జరిగిందనిపిస్తోంది. "జీవాత్మ" అనే సమాసాన్ని జీవముగల ఆత్మ అని విడదీసి విగ్రహం చేస్తే అది ఆంగ్లంలోని "లివింగ్ సోల్" అనే మాటకు సరిగ్గా సరిపోతుంది. వారు వేదాంతాన్ని తలచి ఉండకపోవచ్చు. పైగా పశువుకూ మనిషికీ ఒకటే మాట అయితే బైబిలు ప్రకారం మనిషి ప్రత్యేకత ఏమిటి? పరిణామవాదులు చెప్పేదీ అదే కదా?

జవాబు:

సమాసం విషయంలో మీరు చెప్పినది నిజం, ఆ విగ్రహవాక్యం నాకు స్ఫురించలేదు. అయితే పాఠకుడు సమాసాన్ని విడదీసి చదవడు. అప్పటికే తన చెవిలో ఉన్న అర్థంతో చదువుతాడు.

ప్రత్యేకత సంగతికి వస్తే, ఆదికాండము దాన్ని నెఫెష్‌లో పెట్టలేదు, 1:26లో పెట్టింది: "మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము." ఆ స్వరూపం బుద్ధి అని కొందరు, భూమిని ఏలే అధికారం అని కొందరు, దేవునితో సంబంధం అని కొందరు వ్యాఖ్యానించారు. పరిణామవాదంతో పోలిక కొంతవరకే సాగుతుంది. 1871లో డార్విన్ మనిషికీ ఉన్నత జంతువులకూ మనశ్శక్తులలో ఉన్న భేదం పరిమాణంలోనిదే తప్ప జాతిలోనిది కాదని వాదించాడు. ఆదికాండము పరిణామం గురించి ఏమీ చెప్పదు. 1950లో పోపు 12వ పయస్ తన లేఖలో, మనిషి దేహం పూర్వపు జీవపదార్థం నుంచి వచ్చిందా అనే విచారణకు అవకాశమిచ్చి, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని నొక్కి చెప్పాడు. ఇది జెరోము పక్షమే.

మనిషికీ పశువుకూ తేడాను గట్టిగా ప్రశ్నించిన బైబిలు గ్రంథం ప్రసంగి. 3:19లో "సకల జీవులకు ఒక్కటే ప్రాణము, మృగములకంటె నరులకేమియు ఎక్కువలేదు" అంటాడు. మరి రెండు వాక్యాల తర్వాత తెలుగు పాఠం చూడండి: "నరుల ఆత్మ పరమున కెక్కిపోవునో లేదో, మృగముల ప్రాణము భూమికి దిగిపోవునో లేదో యెవరికి తెలియును?" ఆత్మ అన్న చోటా, ప్రాణము అన్న చోటా హీబ్రూలో ఉన్నది "రూఅహ్" అనే ఒకే మాట. ప్రసంగి ఎవరికి తెలియునని అడిగిన తేడాను అనువాదం ఆ ప్రశ్నలోనే తేల్చేసింది.