అప్‌డేట్: కూలింగ్‌లో ఉన్న బిడ్డ టెంపరేచర్ నిలవట్లేదు – కారణం దొరికింది

విశాఖలో, పుట్టగానే ఏడవని బిడ్డకి కూలింగ్ (మెదడుకి నష్టం తగ్గించడానికి ఒళ్లు చల్లబరిచే చికిత్స) పెడితే రీడింగ్ 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగకుండా 32.6కి పడిపోతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "ముందు ప్రోబ్ (లోపలి టెంపరేచర్ కొలిచే సన్నని తీగ) చూడండి" అన్నవారిదే నిజమైంది. మలంతో తడిసి, ప్రోబ్‌ని తొడకి పట్టి ఉంచే ప్లాస్టర్ ఊడింది. మలద్వారంలో 5 సెంటీమీటర్లు ఉండాల్సిన ప్రోబ్ 2 దాకా జారింది. చల్లబడ్డ చర్మానికి దగ్గరై తక్కువ చూపించింది. అది నమ్మి, ఒళ్లు చల్లబరిచే జెల్ ప్యాక్‌లు తీసేస్తే లోపల ఏకంగా 34.4కి పెరిగింది! ప్రోబ్ సరిచేసి, డైపర్ మార్చిన ప్రతిసారీ దాని మీది 5 సెంటీమీటర్ల గుర్తు చూస్తే, మళ్లీ కదల్లేదు. ఈ సమస్యకి గది ఏసీతో, పరుపుతో ఏ సంబంధమూ లేదు. 72 గంటలయ్యాక, గంటకి అర డిగ్రీ మించకుండా వేడెక్కించారు. ఆ దశలో ఫిట్స్ తిరగబెట్టొచ్చు కాబట్టి తొందరపడకూడదు. బిడ్డకి రాలేదు.